ఊరిని వెలివేసిన ఇల్లు

కురేజావా ఊరు చూడటానికి వచ్చినవాళ్ళందరూ ఒకే చోట నిలబడి ఒకే ఫోటో తీసుకుంటారు. వీధి చివర రాతిమెట్లెక్కి గుడి పక్కనున్న గట్టు మీదకి వెళ్తే చాలు. కింద తిన్నటి మట్టిరోడ్డు, దానికి అటూ ఇటూ రెల్లుకప్పుల ఇళ్ళు, వెనక ఐజు కొండలు, అన్నీ ఒక్క చూపులో వచ్చేస్తాయి. కత్తులు కట్టుకున్న దొరలు రాజధానికి వెళ్తూ రాత్రిళ్ళు దిగిన సత్రాల వీధి ఇది. ఇప్పుడు బస్సులు దిగుతున్నాయి. ఆ గట్టు మీద నుంచి కనబడని ఇల్లు ఊరి మొత్తానికి ఒక్కటే. అది వీధి వెనక, మత్సుయా వాళ్ళ గిడ్డంగి చాటున ఉన్న ఇజుమియా. ఎంత మంచి కెమెరా అయినా దాని కప్పు ఫోటోలో పడదు. పొగ మాత్రం పడుతుంది.

ఆ పొగ తమియేది. ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మర్నాటి నుంచి తెల్లవారేసరికి గుంటపొయ్యి రాజేస్తూనే ఉంది. రెల్లుకప్పుకి పొగే మందు. పొగ తగలకపోతే చెమ్మ పడుతుంది, పురుగు పడుతుంది, కప్పు లోపల్లోపలే పాచిపోతుంది. ఈ సంగతి ఊళ్ళో చంటిపిల్లాడికీ తెలుసు. తెలిసినా మిగతా ఇళ్ళవాళ్ళు ఎప్పుడో పొయ్యిలు పూడ్చేసి, అద్దాల అరలు పెట్టి, చెక్కబొమ్మలూ ఊరగాయ పొట్లాలూ అమ్ముకుంటున్నారు. పొగ కంపు సరుక్కి పడుతుందట. పైన పటారం, లోన లొటారం. చూడటానికొచ్చిన జనం మాత్రం గట్టు మీద నిలబడి, "అబ్బ, ఇంకా కట్టెల పొయ్యిలే వాడుతున్నారు" అని ఊరందరినీ మెచ్చుకుంటారు.

ఆ సాయంత్రం ఊరి రక్షణ సంఘం సమావేశంలో ఆడవాళ్ళతో కలిసి తమియే టీ పోస్తోంది. సంఘం అధ్యక్షుడు షిగేజి. మత్సుయా ఇల్లు ఆయనదే. వీధిలో మొట్టమొదటిది, ఫోటోలో అన్నిటికంటే ముందు పడేది.

"ఏటా ఒక్క ఇంటికే కొత్త కప్పు నేస్తాం, ఈ ఏడు వంతు ఇజుమియాది. అందరికీ తెలిసిందే. కానీ..." అన్నాడు షిగేజి.

ఆ కానీ దగ్గర తమియే చేతిలో కెటిల్ ఆగిపోయింది.

"వచ్చే వసంతానికి రైల్వే స్టేషన్లన్నిటిలో మన ఊరి బొమ్మ పెడతారట. ఆకులు ఎర్రబడగానే ఫోటో తీసేవాళ్ళు వస్తున్నారు. అందులో ముందు కనబడేది మా కప్పు. దాని మీద నాచు పట్టింది, గడ్డి కూడా మొలిచింది. నా ఇల్లని చెప్పట్లేదు. ఊరి ముఖం అని చెబుతున్నా."

"మరి మాది?" అంది తమియే.

"మీది ఇంకో ఏడాది ఆగుతుంది వదినా. రోజూ పొగ పెట్టి కన్నబిడ్డలా చూసుకున్నారు. మేమెవరం అలా చూసుకోలేదు. సిగ్గుగా ఉంది." అని షిగేజి ఆమెకి తలవంచి దణ్ణం పెట్టాడు.

తమియేకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒళ్ళు దాచుకోకుండా కప్పుని కాపాడుకున్నందుకు వెనక్కి జరిపారు. పొయ్యి పూడ్చేసి కప్పుని కుళ్ళబెట్టుకున్నవాడు ముందుకొచ్చాడు. పైగా దణ్ణం ఒకటి. తిట్టి లాక్కుంటే తిరిగి తిట్టొచ్చు. పొగిడి లాక్కునేవాణ్ని ఏం చేస్తారు?

"ఉత్తరం వైపు చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగుతోంది. పోయిన చలికాలం మంచు బరువుకి వాసాలు రాత్రంతా మూలిగాయి," అంది ఆమె. ఎవరూ తలెత్తలేదు. అందరూ చాపల అల్లిక కేసి చూస్తున్నారు. ఈ ఊరి సమావేశాల్లో చేతులెత్తడం ఉండదు. మాట్లాడకపోవడమే ఒప్పుకోవడం. తమియే తన భర్త వైపు చూసింది. గెంజో కూడా మాట్లాడలేదు.

ఇంటికి నడుస్తూ అడిగింది. "నీ నోట్లో ఏముందయ్యా, అన్నం ముద్దా?"

"అందరూ ఒప్పుకున్నారు కదా."

"నువ్వూ ఒప్పుకున్నావు."

"నేనేమీ అనలేదే."

"అదేగా నేను చెప్పేది," అంది తమియే.

ఆ రెల్లు కోసింది ఎవరు? పోయిన శరత్కాలంలో పొగమంచు పడ్డాక, కొండ వాలు మీద నడుం వంచి, చేతులు కోసుకుపోయేలా కొడవలి పట్టిన ఆడవాళ్ళలో తమియే కూడా ఉంది. తన ఇంటి కప్పు వంతు వస్తోందని అందరికంటే ఎక్కువ కట్టలు కట్టింది. ఏడాదంతా గిడ్డంగి అటక మీద ఎండి, ఇప్పుడవి షిగేజి కప్పెక్కుతాయి. ఇక్కడ మంచు మనిషి ఎత్తుకు మించి పడుతుంది. ఉత్తరం వాలు కిందే వాళ్ళ పడకగది. ఈ చలికాలం అది నిలబడుతుందని ఆమెకి నమ్మకం లేదు.

తెల్లవారాక తమియే చావులకీ పెళ్ళిళ్ళకీ కట్టే నల్లటి పైబట్ట వేసుకుని బయల్దేరింది. మొదట పక్కింటి ఇనే మామ్మ గడప ముందు నిలబడి నడుం దాకా వంగింది.

"మామ్మా, ఇవాళ్టి నుంచి ఇజుమియా ఇల్లు ఊరిని వెలివేసింది. నిప్పుకీ చావుకీ తప్ప మీరు మా గడప తొక్కొద్దు, మేమూ మీ గడప తొక్కం."

ఇనే మామ్మ బోసినోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. వెలి అంటే ఏమిటో ఆమె తరానికి బాగా తెలుసు. వెనకటి రోజుల్లో కట్టుబాటు తప్పిన ఇంటితో ఊరు పదిపాళ్ళ సంబంధంలో ఎనిమిది పాళ్ళు తెంపేసేది. పెళ్ళికి పిలవరు, జబ్బుకి పలకరించరు, కప్పు నేతకి రారు. రెండే మిగులుస్తారు, నిప్పూ చావూ. జాలితో కాదు. నిప్పుని వదిలేస్తే పక్కింటికి అంటుకుంటుంది, శవాన్ని వదిలేస్తే ఊరంతా కంపు కొడుతుంది.

"ఒసేయ్, ఊరు ఇంటిని వెలేస్తుంది గానీ ఇల్లు ఊరిని వెలేయడమేంటే?"

"ఇవాళ్టి నుంచి అదీ ఉంది."

"మరి నా ముల్లంగి ఊరగాయ జాడీ మీద రాయి ఎవరెత్తుతారు?"

"ఊరుందిగా. ఊరెత్తుతుంది," అని తమియే ఇంకోసారి వంగి, తర్వాతి ఇంటికి వెళ్ళింది.

ఏ ఇంటినీ వదల్లేదు. కొందరు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. కొందరు లోపలికి రమ్మన్నారు, ఆమె వెళ్ళలేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆమె వెనక ఎవరో అననే అన్నారు. ఆఖరిది మత్సుయా. అప్పటికే పరంజా వేసి మగవాళ్ళు పాత కప్పు ఊడబీకుతున్నారు. నల్లటి దుమ్ము వీధంతా కమ్ముకుంది. మూతికి తువ్వాలు చుట్టుకుని పైన వాసాల మీద గెంజో కూడా ఉన్నాడు. పెళ్ళాం గొంతు వినబడగానే చేతిలో ఉన్న కొడవలి కేసి చూసుకున్నాడు.

"కోపం తగ్గాక మాట్లాడుకుందాం వదినా," అన్నాడు కింద నిలబడ్డ షిగేజి.

"తగ్గదు," అంది తమియే.

ఆ సాయంత్రం గెంజో ఒంటి నిండా మసితో వచ్చాడు. ఆమె అన్నం వడ్డించి, వీపు తిప్పుకుని కూర్చుంది.

"పని ఎగ్గొట్టకూడదే," అన్నాడు గెంజో. "ఇక్కడ ఒకడి కప్పుకి ఊరంతా సాయం పట్టాలి. రేపు మన కప్పుకి నలుగురు రావాలంటే ఇవాళ నేను వెళ్ళాలి."

"ఈ ఇంట్లో నేను అడుగు పెట్టినప్పటి నుంచీ వెళ్తూనే ఉన్నావు. వచ్చారా?"

గెంజో ఊరబెట్టిన చేపముక్క ఇంకోటి తీసుకున్నాడు.

"నువ్వు ఊరివాడివో ఇంటివాడివో తేల్చుకో. అప్పటిదాకా నీకు తిండి పెడతాను, మాట పెట్టను."

అన్నట్టే చేసింది. ఆయన పొద్దున్నే లేచి షిగేజి కప్పెక్కడం, చీకటి పడుతుండగా దిగి రావడం, ఆమె గిన్నె ముందు పెట్టి అవతలికి వెళ్ళిపోవడం. ఆయన అలా వెళ్ళిన ప్రతిసారీ ఆమెకి కడుపు మండేది. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అంటారు. ఇంత మెత్తటివాణ్ని ఊరు ఊరికే ఎందుకు వదులుతుంది?

వెలివేసిన మర్నాడే తమియే పొయ్యి రాజేయడం మానేసింది. బూడిద ఎగదోసి, కుంపటి మూత పెట్టి, అన్నం గ్యాసు మీద పడేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెళ్ళై వచ్చాక ఆ ఇంట్లో పొగ లేకుండా తెల్లవారడం అదే మొదలు. ఇల్లు ఎవరిదో అయిపోయినట్టుంది. కప్పుకి ఇది మంచిది కాదని ఆమెకి తెలుసు. అయినా ఎవరి కోసం? ఊరి కరపత్రంలో, "నేటికీ ఆరని గుంటపొయ్యిని ఇజుమియాలో చూడండి" అని అచ్చేశారు. ఆ పొయ్యి చూసి, ఆమె చేత్తో చేసిన సోబా నూడుల్స్ తిని జనం మురిసిపోయి వెళ్తారు. ఊరి గొప్ప చాటడానికి ఇజుమియా కావాలి, వంతు దగ్గర మాత్రం అక్కర్లేదు.

వీధివైపు తలుపు మూసి, నిప్పుకీ చావుకీ మాత్రమే అని కాగితం మీద రాసి అంటించింది. దారి చూపే అమ్మాయి జెండా పట్టుకుని ఒక గుంపుని వెంటబెట్టుకొచ్చి, తలుపు ముందు బిక్కమొహం వేసింది. గుంపు మాత్రం చాలా సంతోషపడింది. ఇదేదో పాతకాలపు ఆచారమనుకుని అందరూ ఆ కాగితానికే ఫోటోలు తీసుకున్నారు.

రెండు రోజులు చూసి షిగేజి వచ్చాడు. చంకలో మడతపెట్టిన నీలం ప్లాస్టిక్ పట్టా ఉంది. తమియే తలుపు తీసింది గానీ పక్కకి జరగలేదు. గడపకి అవతలే నిలబెట్టి మాట్లాడింది.

"వదినా, ఫోటోకి పొగ కావాలంటున్నారు. పొద్దుటి ఎండలో కప్పుల మీద సన్నగా పొగ లేవాలట. అదే అందమట."

"అవును, అందమే."

"ఆ ఒక్క పూట పొయ్యి వెలిగించండి. నేనూ ఊరికే అడగట్లేదు. ఇదిగో, పట్టా తెచ్చాను. ఉత్తరం వాలు మీద పరుచుకుంటే ఈ చలికాలం గడిచిపోతుంది. అసలు మన ఊళ్ళో ఏ కప్పు మీదా పట్టా వేయకూడదు, మీకు తెలుసు. కానీ మీది పై నుంచి కనబడదు కదా, ఎవరూ ఏమీ అనరు."

తమియే ఆ నీలం మడత కేసి చూసింది, ఆయన మొహం కేసి చూసింది. అందులో కుత్సితం ఏమీ లేదు. నిజంగానే సాయం చేస్తున్నాననుకుంటున్నాడు. అది చూసి ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది.

"నా పొగ కనబడాలి, నా కప్పు కనబడకూడదు. అంతేగా అధ్యక్షుడు గారూ?"

"అలా అంటే ఎలా వదినా?"

"నిప్పంటుకుందా?"

"లేదు."

"ఎవరైనా పోయారా?"

"లేదు."

"అయితే మనకి పని లేదు," అని తలుపు మూసేసింది. షిగేజి పట్టాని గడప పక్కన పెట్టి వెళ్ళాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. ఆ రోజంతా వాన దాని మీదే కురిసింది. ఉత్తరం వాలు నుంచి పడకగదిలోకీ కురిసింది.

ఫోటో రోజు ఆకాశం తేటగా ఉంది. కొండలు ఎర్రగా మండిపోతున్నాయి. మత్సుయా ముందువాలు పూర్తయింది. కొత్త రెల్లు ఎండ పడి కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది. వెనకవాలు ఇంకా నేయలేదు. ఫోటోలో పడని వైపుకి తొందరేముంది? గెంజో ఇంకో ఇద్దరితో కలిసి చూరు అంచులు కత్తిరిస్తున్నాడు. గట్టు మీద ఫోటో తీసేవాళ్ళు కెమెరాలు నిలబెట్టుకున్నారు.

తమియే పెరటి వాకిట్లో ముల్లంగి దుంపలు కడుగుతోంది. సంఘం మనుషులిద్దరు పైమూత కోసేసిన నూనె పీపాని దొర్లించుకుంటూ వచ్చి, ఆమె ఇంటి వెనక సందులో పెట్టారు. సరిగ్గా ఆమె పొగ లేచే చోటు అది. అందులో ఎండుగడ్డి వేసి, అంటించి, మీద తడిగడ్డీ దేవదారు కొమ్మలూ కుక్కారు.

"ఏంటది?" అని అడిగింది.

"ఏం లేదు పిన్నీ, కాస్త పొగ. అయిపోగానే తీసేస్తాం," అన్నాడొకడు ఆమె మొహం చూడకుండా.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. పొగ కోసం నిప్పు పెట్టేవాళ్ళని తమియే ఇప్పుడే చూసింది. అదీ రెల్లుకప్పుల మధ్య. ఈ ఊళ్ళో ఆరుబయట అగ్గిపుల్ల గీస్తే పిల్లల చెవులు మెలేస్తారు. చిక్కటి తెల్లటి పొగ లేచింది. గాలి తిరిగేసరికి అది గట్టు వైపు పోకుండా ఆమె ఇంట్లోకే దూరింది. ఒకటి రెండు నిప్పురవ్వలు ఎగిరి చూరు దగ్గర ఆరిపోయాయి. ఇన్నాళ్ళూ కట్టెలు కొట్టి, కళ్ళు మండించుకుని కప్పుకి పెట్టిన పొగ ఏది, ఈ పీపా పొగ ఏది? గట్టు మీద కెమెరాకి రెండూ ఒకటే. ఆమె దుంపలు వదిలేసి లేచింది. నీళ్ళ బకెట్ ఎత్తింది.

ఆమె అడుగు వేసేలోపు ఊరి గంట మోగింది.

అగ్గి గంట మోగితే ఈ ఊళ్ళో ఎవరూ ఆలోచించరు. కాళ్ళూ చేతులూ వాటంతటవే కదులుతాయి. వీధి పొడవునా చిన్న చెక్క గూళ్ళలో నీటి గొట్టాలుంటాయి. ఎవరి దగ్గర ఏది ఉంటే దాన్ని తెరవాలి. పొయ్యి లేని చోట పొగ కనబడితే ముందు గంట, తర్వాత ప్రశ్న అని చిన్నప్పటి నుంచీ నూరిపోస్తారు. బొమ్మలమ్మేవాళ్ళు గల్లాపెట్టెలు వదిలేసి పరిగెత్తారు. ఇనే మామ్మ కర్ర పారేసి తన గూడు తెరిచింది. క్షణాల్లో వీధికి రెండు వైపుల నుంచీ నీళ్ళు కప్పుల ఎత్తుకి లేచాయి. మత్సుయా కొత్త కప్పు తడిసి ముద్దయింది. షిగేజి మంచి కోటు తడిసి ఒంటికి అతుక్కుంది. చూడటానికొచ్చినవాళ్ళు ఇదంతా తమ కోసమేననుకుని చప్పట్లు కొట్టారు.

మగవాళ్ళు గొట్టం లాక్కుంటూ వెనక సందులోకి వచ్చి పీపా మీదకి వదిలారు. పీపా బుస్సుమని ఆరిపోయింది. గొట్టం చేతిలో ఎగిరి, నీటిధార ఇజుమియా ఉత్తరం వాలుకి తగిలింది. మరీ గట్టిగా కూడా తగల్లేదు. చాపంత ముక్క నెమ్మదిగా జారి, అందరి ముందూ ధబ్బున సందులో పడింది. నల్లగా, వాడేసిన టీ ఆకులా ఉంది. పైన వెదురు వాసాలు బయటపడ్డాయి. వాటి మధ్య నుంచి లోపల మడతపెట్టిన పరుపులు కనబడుతున్నాయి.

నీళ్ళు కట్టేశారు. ఆ సందులోకి ఊరంతా వచ్చి ఎన్నేళ్ళయిందో. అందరూ పైకి చూశారు, కిందకి చూశారు. ఇనే మామ్మ ఆ నల్లటి ముద్దని కాలి వేలితో పొడిచి చూసింది.

"ఏడాది ఆగుతుందన్న కప్పు ఇదేనా?" అంది.

షిగేజి నీళ్ళోడుతూ వచ్చాడు. "ఎవరు కొట్టారు గంట? ఫోటో కోసం పొగ పెడుతున్నామని అందరికీ చెప్పాను కదా."

"నేను కొట్టాను."

గెంజో. తువ్వాలు మెడలో ఉంది, చూరు కత్తెర ఇంకా చేతిలోనే ఉంది. నిచ్చెన దిగి గంట దగ్గరికి పరిగెత్తాడేమో, రొప్పుతున్నాడు.

"నీకు తెలుసు కదయ్యా, గెంజో."

"తెలుసు. పై నుంచి అంతా కనబడింది," అన్నాడు గెంజో. "పొయ్యి లేని చోట పొగ కనబడితే ముందు గంట అని ఏటా నువ్వే చెబుతావు. మా ఇంట్లో పొయ్యి ఆరి నాలుగు రోజులైంది. మరి పొగ ఎక్కడిది?"

పెళ్ళయ్యాక నలుగురి ముందు ఆయన ఇన్ని మాటలు మాట్లాడగా తమియే వినలేదు. చేతిలో ఉన్న బకెట్ కింద పెట్టింది. ఆయన ఆమె వైపు చూడలేదు. కత్తెర నడుముకి దోపుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

నిప్పు ఎవరి వల్ల రేగితే వాళ్ళు ఇంటింటికీ తిరిగి తలవంచాలి. మొదట దగ్గరి ఇంటికి. అందుకే మధ్యాహ్నం షిగేజి పొడి బట్టలు, నల్లటివి, వేసుకుని ఇజుమియాకి వచ్చాడు. నిప్పు పని కాబట్టి తమియే పక్కకి జరిగి దారిచ్చింది. ఆయన మట్టినేల మీద మోకాళ్ళూని, నుదురు నేలకి ఆనించాడు.

"నా వల్ల పొరపాటు జరిగింది. క్షమించాలి."

"సరే," అంది తమియే.

ఆయన లేవలేదు. "వచ్చే ఏడు మొదటి వంతు మీదే వదినా. ఈసారి మాట తప్పను. సంఘం ముందు చెబుతాను."

"నిప్పు సంగతి అయిపోయింది అధ్యక్షుడు గారూ. మన మధ్య ఇక మిగిలింది చావొక్కటే," అంది ఆమె. గొంతు పెంచలేదు. "కప్పుకి చిల్లి పడటం మీరూ చూశారు. ఇంకో నెలలో మంచు మొదలవుతుంది. అది కూలిన రోజు మేమిద్దరం దాని కిందే ఉంటాం. అప్పుడు రండి. ఊరంతా రండి. ఆ రోజు మా గడప తొక్కొద్దని అనడానికి కూడా ఎవరూ ఉండరు."

షిగేజి తలెత్తాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. పడకగది వైపు చూసి, లేచి వెళ్ళాడు. మిగతా ఇళ్ళకి ఆ పూట వెళ్ళలేదని తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున్నే సందులో అడుగుల చప్పుడైంది. తమియే తలుపు తీసింది. ముందు షిగేజి, వెనక ఊళ్ళో మగవాళ్ళు, వాళ్ళ వెనక ఆడవాళ్ళు. అందరి వీపుల మీదా రెల్లు కట్టలు. మత్సుయా వెనకవాలు కోసం మిగిల్చినవి. గడప దాకా వచ్చి ఆగిపోయారు. ఎవరూ అవతలికి అడుగు వేయలేదు. గెంజో వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

వాళ్ళని అలాగే నిలబెట్టింది. సమావేశంలో చాపల కేసి చూసిన కళ్ళు, ఇంటింటికీ తిరిగినప్పుడు నవ్విన నోళ్ళు, అన్నిటినీ ఒక్కొక్కటిగా చూసింది. చలికి వాళ్ళ నోళ్ళ నుంచి ఆవిరి వస్తోంది.

"ఒసేయ్," అంది ఇనే మామ్మ, ఆమె వీపు మీద కూడా ఓ చిన్న కట్ట ఉంది. "గడప తొక్కొద్దన్నావు. తొక్కమంటావా, పొమ్మంటావా? నా నడుం పోతోంది."

"గడప తొక్కొద్దన్నాను. కప్పు ఎక్కొద్దనలేదు," అంది తమియే. "నిచ్చెన బయట నుంచి వేసుకోండి."

నిచ్చెన వేశారు. షిగేజే ముందు ఎక్కాడు. పాత రెల్లు ఊడి పడటం మొదలైంది. నల్లటి దుమ్ము పెరడంతా కమ్ముకుంది. కప్పు పని చేసేవాళ్ళకి ఇంటివాళ్ళే తిండి పెట్టాలి కాబట్టి తమియే పెద్ద కుండలో అన్నం వండి, ముద్దలు చేసి, కిటికీలోంచి బయటికి అందించింది. ఎవరినీ లోపలికి రమ్మనలేదు.

మధ్యాహ్నం షిగేజి పై నుంచి కిందకి వంగి చూశాడు. మొహమంతా మసి.

"వదినా, మరి వెలి తీసేసినట్టేనా?"

తమియే ముద్ద చేస్తున్న చెయ్యి ఆపి తలెత్తింది. ఆ మొహం చూస్తే ఆమెకి ఇంకా మండుతూనే ఉంది.

"మంచు కురవాలి, కరగాలి. నా పరుపు మీద ఒక్క చుక్క పడకపోతే, అప్పుడు అడగండి."

షిగేజి తలూపి, ఇంకో కట్ట అందుకున్నాడు.